చేవెళ్ల చేలో మనకో వాటా

2023 ఆగస్టులో గండిపేట మండలం కోకాపేటలో హెచ్‌ఎండీఏ వేలం వేసిన భూమి ఎకరం 100 కోట్ల 75 లక్షల రూపాయల దాకా పలికింది. అక్కడి నుంచి పడమరకు గంటసేపు ప్రయాణిస్తే మొయినాబాద్, చేవెళ్ల మండలాల చేలు వస్తాయి. టమాట, క్యారెట్, బీట్‌రూట్, ఆకుకూరలు, పూలు పండించి హైదరాబాద్‌ను పోషిస్తున్న నేల అది. ధర పడిపోయినప్పుడు అక్కడి ఎకరం, రెండెకరాల రైతు తెంపిన కూలి కూడా రాదని టమాటను చేలోనే వదిలేస్తాడు. ఇటు కోకాపేట, నార్సింగి, మణికొండ అపార్ట్‌మెంట్లలో మందులు కొట్టని కూరగాయల కోసం వెతికే కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. ఆర్గానిక్ దుకాణంలో ధర చూసి, నాలుగు వారాలు కొని మానేసే కుటుంబాలు ఇంకా ఎక్కువ. పండించేవారికి గిట్టుబాటు లేదు, తినేవారికి అందుబాటు లేదు. ఇద్దరి మధ్య ఉన్నది ముప్పై, నలభై కిలోమీటర్ల రోడ్డు. సేంద్రియ కూరగాయలకు మనం కట్టే ధరలో పెద్ద భాగం సాగుకు పోవడం లేదు. దూరానికి, వృథాకు, అపనమ్మకానికి పోతోంది. దగ్గరి రైతుల పంటలో కొన్ని కుటుంబాలు కలిసి ముందుగానే వాటా తీసుకుంటే ఈ మూడు ఖర్చులూ తగ్గుతాయి, ఆ తగ్గిన మేర రైతుకూ మనకూ మిగులుతుంది. దీన్ని పంటవాటా అందాం. ఇది గండిపేట చుట్టుపక్కల సాధ్యమైనంత సులువుగా తెలంగాణలో మరోచోట సాధ్యం కాదు. అయితే అందుకు వీలున్న కాలం తరిగిపోతోంది.

ముందు మామూలు కూరగాయల లెక్క చూద్దాం. టమాట, ఉల్లి, ఆలుగడ్డల ధరలపై రిజర్వ్ బ్యాంకు 2024 అక్టోబరులో ఒక పరిశోధన పత్రం వెలువరించింది. కొనుగోలుదారు పెట్టే రూపాయిలో టమాట రైతుకు దక్కేది దాదాపు 33 పైసలు, ఉల్లి రైతుకు 36, ఆలుగడ్డ రైతుకు 37 పైసలని అది తేల్చింది. మిగతా మూడింట రెండు వంతుల్లో కమీషన్, హమాలీ, లారీ కిరాయి, టోకు, చిల్లర వ్యాపారుల లాభం, దారిలో పాడైన సరుకు నష్టం అన్నీ ఉన్నాయి. మధ్యలో ఉన్నవారంతా దోపిడీదారులని దీని అర్థం కాదు. తెల్లవారకముందే యార్డులో బుట్టలు మోసే హమాలీ కూలి, సాయంత్రానికి వాడిన తోటకూరను సగం ధరకు అమ్ముకునే తోపుడుబండి మనిషి నష్టం కూడా ఆ పైసల్లోనే ఉన్నాయి. అసలు చిక్కు ఆ దారి పొడవులో ఉంది. కోత అనంతర నష్టాలపై భారత వ్యవసాయ పరిశోధన మండలి సంస్థ సీఫెట్ 2015లో ఇచ్చిన నివేదిక ప్రకారం, పండ్లు, కూరగాయల్లో రకాన్ని బట్టి నాలుగున్నర శాతం నుంచి దాదాపు 16 శాతం దాకా తినేవారికి చేరకుండానే పోతున్నాయి. బోయిన్‌పల్లి మార్కెట్లో కుళ్లిన కూరగాయలతో కరెంటు తయారు చేస్తున్న సంగతిని ప్రధాని 2021 జనవరి మన్ కీ బాత్‌లో మెచ్చుకున్నారు. అప్పట్లో ఆ ప్లాంటుకు రోజుకు పది టన్నుల వ్యర్థాలు అందేవి. చెత్తకుప్పకు పోయేదానితో విద్యుత్తు తీయడం మంచి పనే. కానీ ఆ పది టన్నులను పండించిన నీళ్లకు, కూలికి, తెచ్చిన డీజిల్‌కు ధర కట్టింది రైతు, మిగిలిన మంచి సరుకు కొన్న మనం.

సేంద్రియ కూరగాయల దారి ఇంతకన్నా ఖరీదైంది. సరుకు తక్కువ కాబట్టి ఒక్కో కిలోపై పడే రవాణా ఖర్చు ఎక్కువ. మామూలు సరుకుతో కలవకుండా వేరుగా నిల్వ చేయాలి, వేరుగా ప్యాక్ చేయాలి, ధ్రువీకరణకు ఖర్చు పెట్టాలి. దుకాణానికి వచ్చేవారు తక్కువ కాబట్టి అల్మారాలోనే వాడిపోయేది ఎక్కువ. వాడిపోయిన పాలకూర ధరను అమ్ముడైన పాలకూర మీదే వేయక దుకాణదారుకు మరో దారి లేదు. వీటన్నిటి మీద నమ్మకం కలిగించడానికి పెట్టే ప్రకటనల ఖర్చు. ఇంత చెప్పాక, సాగు ఖర్చు కూడా ఎక్కువేనన్న సత్యాన్ని దాచకూడదు. సేంద్రియ, సాధారణ సాగుల దిగుబడులను పోల్చిన అధ్యయనాలను కలిపి 2012లో నేచర్ పత్రిక ప్రచురించిన విశ్లేషణ, పంటను, పరిస్థితులను బట్టి సేంద్రియ దిగుబడి 5 నుంచి 34 శాతం దాకా తక్కువగా ఉంటుందని చెప్పింది. కలుపు మందు కొట్టని చేలో కలుపు కూలీలు ఎక్కువ కావాలి. అందుకే మందులు వాడని రైతుకు మామూలు రైతుకన్నా మంచి ధర దక్కాలి. అయితే రైతుకు కిలోకు పది, పదిహేను రూపాయలు ఎక్కువ ఇచ్చినా సాగులో వచ్చే తేడా చాలావరకు తీరిపోతుంది. దుకాణంలో కిలోకు నలభై, యాభై రూపాయలు ఎక్కువ ఎందుకు అవుతోందన్న ప్రశ్నకు జవాబు పొలంలో దొరకదు.

పంటవాటా కొత్త ఊహేమీ కాదు. మినమాట పాదరస విషం, పురుగుమందుల భయం జపాన్‌ను కలవరపెట్టిన రోజుల్లో, 1971లో అక్కడ సేంద్రియ వ్యవసాయ సంఘం ఏర్పడింది. ఊరి రైతులతో పట్నపు గృహిణులు నేరుగా ఒప్పందం చేసుకుని, పండినదంతా తామే తీసుకునే తేకే పద్ధతి ఆ ఉద్యమంలో పెరిగింది. 1978లో జెనీవాలో ఇలాంటి సహకార తోట మొదలైంది. 1986లో అమెరికాలోని మసాచుసెట్స్, న్యూహాంప్‌షైర్ రాష్ట్రాల్లో రెండు పొలాలు, 2001లో దక్షిణ ఫ్రాన్స్‌లో ఒక పొలం ఇదే దారి పట్టాయి. ఫ్రాన్స్‌లో ఇది రాతపూర్వక ఒప్పందంగా స్థిరపడింది. పద్ధతి అన్నిచోట్లా దాదాపు ఒకటే. పంటకాలం మొదట్లోనే కుటుంబాలు డబ్బు కడతాయి, లేదా కాలమంతా కొంటామని రాసిస్తాయి. రైతు వారం వారం పండినదాన్ని సమానంగా పంచి పంపుతాడు. బాగా పండితే బుట్ట బరువెక్కుతుంది. వడగళ్లు పడితే తేలికవుతుంది. డబ్బు మాటకొస్తే, మసాచుసెట్స్‌లోని ఇలాంటి పొలాల వాటా ధరను దుకాణాల ధరతో పోల్చిన 1998 నాటి ఒక అధ్యయనంలో, అవే కూరగాయలకు దుకాణాల్లో పెట్టాల్సింది వాటా ధరకన్నా చాలా ఎక్కువని తేలింది. అమెరికా లెక్క మనకు నేరుగా వర్తించదు. కానీ ఆదా వచ్చిన చోటు మాత్రం ఇక్కడా అదే. అమ్ముడవుతుందో లేదో తెలియని సరుకు ఖర్చు అక్కడ లేదు.

ఇక మన లెక్క. జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల ప్రకారం మనిషికి రోజుకు 400 గ్రాముల కూరగాయలు కావాలి. నలుగురున్న ఇంటికి వారానికి దాదాపు 11 కిలోలు. అందులో 8 కిలోలు వాటాగా వస్తాయని, మిగిలింది బయట కొంటామని అనుకుందాం. కింది ధరలు లెక్క కోసం వేసుకున్నవి, ఎవరి వీధి ధరతో వారు మార్చి చూసుకోవచ్చు. ఆర్గానిక్ దుకాణంలో సగటు ధర కిలో 90 రూపాయలైతే వారానికి 720. రిజర్వ్ బ్యాంకు చెప్పిన టమాట నిష్పత్తే ఇక్కడా ఉందనుకుంటే అందులో రైతుకు చేరేది 240, అంటే కిలోకు 30 రూపాయలు. పంటవాటాలో రైతుకు కిలోకు 45 ఇద్దాం. ఇది ఒకటిన్నర రెట్లు. ఎనిమిది కిలోలకు 360. ఏరి, బుట్టల్లో సర్ది, ట్రాలీ ఆటోలో తెచ్చే ఖర్చు కుటుంబానికి వారానికి 100 వేద్దాం. మొత్తం 460. దుకాణంతో పోలిస్తే వారానికి 260 మిగులు. ఏడాదిలో 40 వారాలే బుట్ట వస్తుందనుకున్నా 10,400 రూపాయలు. ఇదే లెక్కలో మరో నిజం కూడా ఉంది, దాన్ని చెప్పకపోతే మోసం అవుతుంది. మామూలు మార్కెట్లో కిలో 45కు కొనే ఇంటికి ఇదే ఎనిమిది కిలోలు 360కే వస్తాయి. ఆ ఇంటికి పంటవాటా వారానికి వంద రూపాయలు అదనపు ఖర్చు. కాబట్టి పంటవాటా వల్ల కూరగాయలు చవకవుతాయని ఎవరైనా చెబితే నమ్మనక్కర్లేదు. మందులు లేని కూరగాయలు మామూలు ఇంటి బడ్జెట్‌కు అందే దూరంలోకి వస్తాయి. ఆర్గానిక్ వైపు చూసి వెనక్కి తగ్గిన మధ్యతరగతికి ఈ తేడానే ముఖ్యం.

అయితే ఆ 260 రూపాయలు ఊరికే రావు. మూడు షరతులు ఒప్పుకున్న ఇంటికే అవి మిగులుతాయి. మొదటిది, కాలం ఇచ్చింది తినడం. వానాకాలంలో బెండ, బీర, కాకర, సొరకాయ, గోరుచిక్కుడు వస్తాయి. చలికాలంలో టమాట, క్యారెట్, బీట్‌రూట్, క్యాబేజీ, చిక్కుడు, మెంతి, పాలకూర. ఎండాకాలంలో బుట్ట చిన్నదవుతుంది. తోటకూర, గంగవాయిల కూర, పుంటికూర, దోసకాయ దాన్ని నిలబెడతాయి. ఏప్రిల్‌లో కాలీఫ్లవర్ కావాలంటే దాన్ని చల్లటి గిడ్డంగి నుంచి గానీ చల్లటి ప్రాంతం నుంచి గానీ తెచ్చుకోవాలి, ఆ ఖర్చు కట్టాలి. రెండోది, వచ్చిందంతా వండడం. వాటా బుట్టలో రెండు కిలోలు ఫ్రిజ్‌లో కుళ్లిపోతే పైన వేసిన లెక్క తలకిందులవుతుంది. యార్డులో తగ్గించిన వృథాను వంటింట్లోకి తెచ్చుకున్నట్టే. మన వంటకు ఇది కొత్త పరీక్షేమీ కాదు. ఎక్కువ పండిన టమాట పచ్చడి పట్టడం, దోసకాయ ఒరుగులు ఎండబెట్టడం, పుంటికూరను నిల్వ పచ్చడి చేయడం ఇదే అవసరంలోంచి పుట్టిన పనులు. మూడోది, ముందుగా కట్టడం. నెలనెలా జీతం వచ్చే ఇంటికి మూడు నెలల వాటా, అంటే మన లెక్కలో 13 వారాలకు 5,980 రూపాయలు, ఒక్కసారి కట్టడం కష్టమే కావచ్చు, అసాధ్యం కాదు. ఈ మూడింటిలో ఏ ఒక్కదాన్ని ఒప్పుకోలేకపోయినా ఆ ఇంటికి పంటవాటా సరిపడదు. వారు చేరి మధ్యలో మానేయడం కన్నా చేరకపోవడమే రైతుకు మేలు.

ముందుగా కట్టే ఆ డబ్బు రైతు చేతిలో చేసే పని మన ఆదాకన్నా పెద్దది. చిన్న రైతు విత్తనాలకు, కూలీలకు, బోరు మోటారు రిపేరుకు పెట్టుబడి తెచ్చేది ఎక్కువసార్లు బ్యాంకు నుంచి కాదు, ఊళ్లోని వడ్డీ వ్యాపారి నుంచో, కమీషన్ ఏజెంటు దగ్గరి నుంచో. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి 50,000 తెచ్చి నాలుగు నెలల తర్వాత తీరిస్తే వడ్డీయే 4,000 అవుతుంది. ఏజెంటు దగ్గర అప్పు తెచ్చుకున్న రైతు తన సరుకును అతనికే, అతను చెప్పిన ధరకే వేయాల్సి వస్తుంది. పంటవాటా ముందస్తు సొమ్ము ఈ ముడిని విప్పుతుంది. ధర కూడా ముందే తెలుస్తుంది. 2023 జులైలో హైదరాబాద్‌లో టమాట కిలో వంద రూపాయలు దాటి పరుగెత్తడం మనందరికీ గుర్తుంది. కిలో రెండు మూడు రూపాయలకు పడిపోయి రైతులు రోడ్ల మీద పారబోసిన రోజులు మనకు అంతగా గుర్తుండవు. ఏడాది పొడుగునా ఒకే ధర ఒప్పుకున్నప్పుడు, ధర ఎగిసిన నెలలో రైతు కొంత వదులుకుంటాడు, పడిన నెలలో మనం కొంత ఎక్కువ కడతాం. ఇద్దరికీ నిద్ర పడుతుంది. ఇక్కడ ఒప్పందం విలువ తెలిసేది ధర ఎగిసినప్పుడే. అప్పుడు రైతు సరుకును బయట అమ్ముకోకూడదు. ధర పడినప్పుడు కుటుంబాలు బుట్ట వద్దనకూడదు. అందుకే దీన్ని నోటిమాటగా కాక రాతలో పెట్టుకోవాలి.

మందు కొట్టలేదని నమ్మేదెలా అన్నది మొదటి అభ్యంతరం, న్యాయమైనది కూడా. ఆర్గానిక్ అన్న స్టిక్కర్ వేసి మామూలు సరుకు అమ్మడం ఎక్కడైనా జరగొచ్చు. దీనికి మన దేశంలోనే ఒక జవాబు తయారై ఉంది. పీజీఎస్ ఇండియా అనే భాగస్వామ్య హామీ పద్ధతిలో కనీసం ఐదుగురు రైతులు ఒక బృందంగా ఏర్పడి, ఒకరి పొలాన్ని ఒకరు తనిఖీ చేసుకుంటారు. ఒకరు తప్పు చేస్తే బృందం మొత్తం గుర్తింపు ప్రమాదంలో పడుతుంది. ప్రైవేటు ధ్రువీకరణ సంస్థలకు కట్టే పెద్ద ఫీజులు ఇందులో ఉండవు. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ కేంద్రంగా 1983 నుంచి పనిచేస్తున్న దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఈ పద్ధతికి దేశంలో దారి వేసిన సంస్థల్లో ఒకటి. దాని సంఘాల్లోని దళిత మహిళా రైతులు చదువు లేకపోయినా పక్కవారి చేను చూసి మందు పడిందో లేదో చెప్పగలరు. 2017లో తెచ్చిన సేంద్రియ ఆహార నిబంధనల్లో ఆహార భద్రత సంస్థ కూడా, తినేవారికి నేరుగా అమ్మే చిన్న రైతుకు ధ్రువీకరణ నుంచి మినహాయింపు ఇచ్చింది. ముఖాముఖి తెలిసిన చోట కాగితం అవసరం తక్కువన్న గుర్తింపు అందులో ఉంది. మరి మన నేలలో మందుల్లేకుండా పండుతుందా? జనగామ జిల్లా ఏనెబావి రైతులు దాదాపు ఇరవై ఏళ్ల కిందటే ఊరంతా మందులు మానేసి చూపించారు. 2004లో ఏర్పడిన సుస్థిర వ్యవసాయ కేంద్రం ఇలాంటి రైతుల సంఘాలకు తోడుగా నిలిచింది. వాటి సరుకు సహజ ఆహారం పేరుతో హైదరాబాద్‌కు వస్తోంది. ఆంధ్రప్రదేశ్‌లో ప్రకృతి సాగు కార్యక్రమం 2024లో అంతర్జాతీయ గుల్బెంకియన్ బహుమతి అందుకుంది. జహీరాబాద్ నుంచి, జనగామ నుంచి వచ్చే సరుకు గంట దూరంలోని చేవెళ్ల నుంచి రాకపోవడానికి కారణం లేదు. పైగా నెలకోసారి పిల్లలతో వెళ్లి చేను చూసి రాగలిగే దూరమే అన్నిటికన్నా బలమైన తనిఖీ.

సేంద్రియ ఆహారంతో నిజంగా ఆరోగ్యం బాగుపడుతుందా, కడుక్కుని తింటే సరిపోదా అనేవారూ ఉన్నారు. ఇక్కడ అతిగా చెప్పడం ఈ వాదనకే చేటు. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2012లో వందల అధ్యయనాలను పరిశీలించి, సేంద్రియ ఆహారంలో పోషకాలు ఎక్కువ ఉంటాయనడానికి గట్టి ఆధారం లేదన్నారు. పురుగుమందుల అవశేషాలు మాత్రం సేంద్రియ సరుకులో తక్కువగా ఉన్నాయని వారే చెప్పారు. కాబట్టి పోషకాల కోసం డబ్బు ఎక్కువ పెట్టనక్కర్లేదు, అవశేషాలు తగ్గించుకోవడం కోసం పెట్టవచ్చు. కడిగితే పైపొర మీదివి కొంత పోతాయి, మొక్కలోకి ఇంకే మందులు పోవు. మన దేశంలో మోనోక్రోటోఫాస్‌ను కూరగాయలపై వాడకూడదని నిషేధించి ఏళ్లు గడిచాయంటే, అలాంటి మందులు కూరగాయలపై ఎంత ప్రమాదమో ప్రభుత్వమే ఒప్పుకుందని అర్థం. తినేవారికన్నా ముందు ఆ మందు తగిలేది కొట్టేవారికి. యాదాద్రి భువనగిరి, వికారాబాద్, సంగారెడ్డి జిల్లాల రైతుల రక్త నమూనాలను జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు పరీక్షిస్తే 28 రకాల పురుగుమందుల అవశేషాలు బయటపడ్డాయి. వికారాబాద్ చేవెళ్లకు పక్క జిల్లానే. మన ఇంట్లో అవశేషం గురించి చర్చకు తావుండవచ్చు. వీపున డబ్బా తగిలించుకుని, ముఖానికి గుడ్డ కూడా లేకుండా మందు కొట్టే కూలీ ఒంట్లోని విషం గురించి చర్చకు తావు లేదు. వారానికి ఒక బుట్ట మీద మనం పెట్టే అదనపు రూపాయల్లో ఆ మనిషి ఆరోగ్యం కూడా ఉంది.

గండిపేట నీటికీ ఈ బుట్టకూ సంబంధం ఉంది. 1908 సెప్టెంబరు 28న మూసీకి వచ్చిన వరద హైదరాబాద్‌ను ముంచేసిన తర్వాత, మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో మూసీ మీద ఉస్మాన్‌సాగర్ (గండిపేట చెరువు), ఈసీ మీద హిమాయత్‌సాగర్ కట్టారు. మొదటిది 1920లో, రెండోది 1927లో పూర్తయ్యాయి. అనంతగిరి కొండల నుంచి దిగే నీరు చేవెళ్ల, శంకర్‌పల్లి, మొయినాబాద్ నేలల మీదుగా ఈ చెరువుల్లోకి చేరుతుంది. ఆ నేలలను కాపాడడానికే 1996 మార్చి 8న 111 జీవో వచ్చింది. పది కిలోమీటర్ల పరిధిలోని 84 గ్రామాల్లో, దాదాపు 1,32,000 ఎకరాల్లో పరిశ్రమలు, పెద్ద నిర్మాణాలను అది అడ్డుకుంది. 2022 ఏప్రిల్‌లో 69 జీవో ఆ ఆంక్షలను తొలగించింది. నీటి నాణ్యత చెడకూడదన్న షరతు పెట్టినా, భూముల ధరలకు షరతులు తెలియవు. పావు శతాబ్దానికి పైగా ఆ ఊళ్ల రైతులు అటు భూమికి ధర పెరగక, ఇటు పంటకు ధర రాక నగరం నీటికోసం నష్టపోయారన్నది నిజం. వారిని ఎప్పటికీ పేదలుగా ఉండమని చెప్పే హక్కు నగరానికి లేదు. అయితే సాగు గిట్టుబాటైతే భూమి అమ్మాలా వద్దా అన్నది రైతు తీరికగా తీసుకునే నిర్ణయం అవుతుంది. అప్పు తీర్చడానికి అమ్మాల్సి వస్తే అది నిర్ణయమే కాదు. పంటవాటాలు కోకాపేట ధరలతో పోటీ పడలేవు. ఆ మాట ఒప్పుకోవాల్సిందే. కానీ అమ్మకూడదనుకునే రైతుకు, భూమి లేని కౌలు రైతుకు అవి నిలబడే దారి చూపుతాయి. చెరువులోకి పారే నేల మీద యూరియా, పురుగుమందు తగ్గిన ప్రతి ఎకరమూ హైదరాబాద్ తాగే నీటికి చేసిన మేలే.

రైతుబజార్లు ఉండగా ఇదెందుకు అన్న ప్రశ్నా వస్తుంది. 1999 జనవరిలో మొదలైన రైతుబజార్లు దళారీ లేకుండా రైతును, కొనేవారిని కలిపిన గొప్ప ఏర్పాటు. మెహిదీపట్నం, ఎర్రగడ్డ బజార్లు లేకపోతే నగరంలో కూరగాయల ధరలు ఇంకా మండేవి. కానీ అక్కడా రైతు సరుకు అమ్ముడవుతుందో లేదో తెలియకుండానే బస్సెక్కుతాడు. సాయంత్రానికి మిగిలింది ఎంతకైనా ఇచ్చేయాలి. మందు కొట్టని సరుకుకు వేరే ధర అడిగితే పక్క బల్ల ధర అతన్ని ఓడిస్తుంది. పంటవాటా రైతుబజారుకు పోటీ కాదు, అది చేయలేని పని చేస్తుంది. ఇక పది నిమిషాల్లో గుమ్మం ముందుకు కూరగాయలు తెచ్చే యాప్‌ల సౌకర్యం నిజమైనదే. ఆ పది నిమిషాల వెనుక ప్రతి పేటలో గిడ్డంగి, చల్లదనం, డెలివరీ కుర్రాళ్ల పరుగు ఉన్నాయి. ఆ ఖర్చు ఎవరో ఒకరు భరిస్తున్నారు. మంగళవారం సాయంత్రం బుట్ట వస్తుందని ముందే తెలిసిన ఇంటికి ఆ పరుగుతో పనిలేదు.

ఇది డబ్బున్నవారి ముచ్చట అన్న విమర్శను తేలిగ్గా కొట్టిపారేయకూడదు. ఐదారు వేలు ముందుగా కట్టలేని ఇళ్లే నగరంలో ఎక్కువ. కానీ ముందస్తు అందరూ ఒకేలా కట్టనక్కర్లేదు. యాభై కుటుంబాల బృందంలో ముప్పై ఐదు మూడు నెలలకు కడితే, మిగతా పదిహేను వారం వారం కట్టినా రైతు పెట్టుబడి నిలబడుతుంది. అదే అపార్ట్‌మెంట్లలో పనిచేసే వాచ్‌మన్‌లకు, ఇంటిపనివారికి రవాణా ఖర్చు లేకుండా సగం బుట్ట ఇవ్వడం బృందం చేతిలోని పనే. ప్రభుత్వం తలచుకుంటే గురుకులాల, అంగన్‌వాడీల కూరగాయలను ఇదే పద్ధతిలో దగ్గరి రైతుల నుంచి తీసుకోవచ్చు. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళలు 1990ల్లోనే బీడుభూములను సాగులోకి తెచ్చి, అప్పును ధాన్యంగా తీర్చి, ఆ ధాన్యాన్ని ఊరి నిరుపేదలకు తక్కువ ధరకు ఇచ్చే ప్రత్యామ్నాయ రేషన్ నడిపారు. దగ్గరి పంట పేదల కంచంలోకి చేరగలదనడానికి అంతకన్నా నిదర్శనం అక్కర్లేదు. విమర్శలో మరో సగం ఆడవారి శ్రమ గురించి. జపాన్‌లో తేకే బృందాలు తర్వాతి దశాబ్దాల్లో బలహీనపడడానికి ఒక ముఖ్య కారణం, సరుకు ఏరి పంచే పనంతా జీతం లేని గృహిణుల మీద ఆధారపడటం. వారు ఉద్యోగాలకు వెళ్లాక ఆ పని చేసేవారు లేకపోయారు. అందుకే మన లెక్కలో సర్దుబాటుకు, రవాణాకు వంద రూపాయలు వేరుగా పెట్టాం. ఏరేవారికి కూలి ఇవ్వాలి. ఇంట్లో ఆకుకూర తుంచడం, చిక్కుడు గిల్లడం అందరి పనీ కావాలి. ఆడవారి మీద కొత్త బరువు మోపి మిగుల్చుకునే డబ్బు ఆదా కింద లెక్కకు రాదు.

మొదలుపెట్టడానికి పెద్ద ఏర్పాట్లు అక్కర్లేదు. వారానికి 8 కిలోల చొప్పున యాభై కుటుంబాలకు 400 కిలోలు కావాలి, 40 వారాలకు 16 టన్నులు. సేంద్రియ సాగులో ఎకరాకు ఏడాదికి నాలుగు టన్నులే వస్తాయని జాగ్రత్తగా లెక్కేసినా నాలుగెకరాలు చాలు. పచ్చిరొట్టకు, పంట మార్పిడికి మరో ఎకరం. అంటే ఐదుగురు రైతులు, తలా ఒక ఎకరం. పీజీఎస్ బృందానికి కావలసిన కనీస సంఖ్య కూడా ఐదే. యాభై కుటుంబాలూ ముందే కడితే మూడు నెలల ముందస్తులో రైతుల వాటా 2,34,000 రూపాయలు, ఒక్కో రైతుకు 46,800. ఒక గేటెడ్ కమ్యూనిటీలో యాభై ఇళ్లు దొరకడం కష్టమేమీ కాదు. ఒప్పందంలో ఐదారు విషయాలు స్పష్టంగా ఉంటే చాలు: ధర, బుట్ట కనీస బరువు, పంట పోతే నష్టం ఎలా పంచుకోవాలి, పొలం చూడటానికి ఎప్పుడు రావచ్చు, ఎవరైనా మానుకుంటే ఎన్ని వారాల ముందు చెప్పాలి, మందు వాడక తప్పని పరిస్థితి వస్తే ఆ సంగతి దాచకుండా ఎలా తెలపాలి. పట్టా పాస్‌బుక్కు అడగకుండా కౌలు రైతుకూ ఇందులో చోటివ్వాలి. సేంద్రియ సాగుకు మారే మొదటి రెండు మూడేళ్లు దిగుబడి తగ్గుతుంది, ఆ కాలంలోనే రైతుకు తోడు ఎక్కువ కావాలి. ఉద్యాన శాఖ ఆ మూడేళ్లు విత్తనాలకు, జీవన ఎరువులకు సాయం చేస్తే, రాజేంద్రనగర్‌లోని వ్యవసాయ విశ్వవిద్యాలయం తన పొరుగునే ఉన్న ఈ రైతులకు కీటకాల నియంత్రణలో సలహా ఇస్తే ఖర్చు ఇంకా తగ్గుతుంది.

సేంద్రియ ఆహారం ఖరీదైనది కాబట్టి అది కొందరిదేనన్న మాటను మనం చాలాకాలంగా ఒప్పుకుంటూ వచ్చాం. ఆ ఖరీదు మట్టిలోంచి రాలేదు. ఎవరు పండించారో తెలియని సరుకును, ఎవరు కొంటారో తెలియని దుకాణంలో పెట్టే పద్ధతిలోంచి వచ్చింది. పద్ధతి మారిస్తే ఖరీదు దిగుతుంది. దసరా తర్వాత యాసంగి సాగు మొదలవుతుంది. క్యారెట్, బీట్‌రూట్, పాలకూర, మెంతి వేసే కాలం అది. చేవెళ్ల, మొయినాబాద్ రైతులు ఏం వేయాలో నిర్ణయించుకునే ఆ వారాల్లోనే గండిపేట, కోకాపేట, నార్సింగి నివాస సంఘాలు వారి దగ్గరికి వెళ్లి, ఏం తింటాం, ఎంత తింటాం, ఎంత కడతాం అని చెప్పాలి. ఆ చేలు ప్లాట్లుగా మారాక ఎంత డబ్బు పెట్టినా ఈ వాటా దొరకదు.